43 కాపీలు, ఒక కత్తెర

నా కథల సంపుటిని ప్రింట్ ఆన్ డిమాండ్‌లో వేసుకుని పద్నాలుగు నెలలైంది. ఆర్డర్ వచ్చినప్పుడే కాపీ అచ్చవుతుంది కాబట్టి ఇంట్లో కట్టలు పేరుకుపోవు. ఇప్పటికి 43 అమ్ముడయ్యాయి. అయినా ఈ సర్వీసుకి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

మూడో కథ అమ్మ కుట్టుమిషన్ గురించి. పుస్తకం చదివిన రోజే అక్క ఫోన్ చేసింది. "కథ బాగుందే. కానీ అమ్మ దారం కత్తెరతో ఎప్పుడు కత్తిరించింది? పళ్లతో కదా తెంపేది!" అంది. నిజమే. దారం కొస పెదాల మధ్య పెట్టుకుని, మనమేమడిగినా తల ఊపే సమాధానం చెప్పేది. పదిసార్లు తిరగరాసిన కథలో అదే వదిలేసి కత్తెర రాశాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

సర్వీసు విలువ అప్పుడు తెలిసింది. పేరా మార్చి పీడీఎఫ్ మళ్లీ అప్‌లోడ్ చేస్తే మూడు రోజుల్లో కొత్త ఫైల్ వచ్చేసింది. ఒకేసారి అయిదు వందలు వేయించి ఉంటే ఆ కత్తెర అన్నిట్లోనూ ఉండిపోయేది. ఒక జాగ్రత్త: పేజీలు పెరిగితే పుస్తకం వెన్ను మందం మారుతుంది, కవర్ కూడా మళ్లీ చేయాలి. అందుకే పేరా నిడివి పెరగనివ్వలేదు.

నచ్చనిది, లాగిన్ అవగానే అమ్మకాల గ్రాఫే కనిపించడం. మొదట్లో రోజుకి నాలుగైదుసార్లు చూసేదాన్ని. సున్నా ఉన్న రోజు రాయబుద్ధయ్యేది కాదు. అమెరికన్ రచయిత థోరో తొలి పుస్తకం 1849లో వెయ్యి కాపీలు వేస్తే, 1853లో 706 అమ్ముడుపోక ఆయన దగ్గరికే తిరిగొచ్చాయి. ఆ గుట్ట పక్కనే కూర్చుని, ఎప్పటిలాగే తృప్తిగా కలం పట్టానని ఆయన డైరీలో రాసుకున్నాడు. నాకు ఆ తృప్తి అక్క ఫోన్‌తో వచ్చింది. అమ్మని నాకంటే ఎక్కువ చూసిన మనిషి, కత్తెర దగ్గర తప్ప కథంతా నమ్మింది. నా పుస్తకం సక్సెస్ అయిందని ఆ రోజే అనుకున్నాను. ఇప్పుడు గ్రాఫ్ నెలకోసారి చూస్తే ఎక్కువ.

అమ్మకానికి ముందు సరిచూసుకునే నమూనా కాపీ, అంటే తొలి ప్రూఫ్‌లో లోపలి మార్జిన్ చాలక వాక్యాల చివర్లు బైండింగ్‌లోకి పోయాయి. కవర్‌లో లేత నీలం ముదురుగా పడింది, ఒక స్టార్ అందుకే తగ్గించాను. రెండో పుస్తకమూ ఇక్కడే వేస్తాను. ఈసారి ప్రూఫ్ ముందు అక్కకి పంపుతాను.