బీపీకి ఏ ఉప్పు మేలు: మామూలుదా, సైంధవమా, సోడియం తగ్గించినదా?

బీపీ అని తెలియగానే సోంపేట, పలాస వైపు మా చుట్టాలంతా అడిగేది ఒకటే, ఏ ఉప్పు వాడాలని. మా అమ్మ కోసం మేమూ ఈమధ్యే ఈ తర్జనభర్జన పడ్డాం.

సైంధవ లవణం సంగతి ముందే తేల్చేస్తాను. రంగు, ధర వేరేగానీ అందులో ఉన్నదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే. నౌపడ రాళ్లుప్పుకైనా బీపీ విషయంలో అదే లెక్క. పైగా అయోడిన్ కలపనిదైతే అదొక లోటు.

సోడియం తగ్గించిన ఉప్పును మాత్రం అలా తీసిపారేయలేం. సోడియం క్లోరైడ్ కొంత తగ్గించి, ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఒంట్లో ఎక్కువైన సోడియం మూత్రంలో పోవడానికి పొటాషియం సాయపడుతుంది. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మందితో చేసిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. ఈ రకం ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. అయితే తీవ్రమైన కిడ్నీ జబ్బున్నవాళ్లను అందులో చేర్చుకోలేదు.

నా దృష్టిలో అసలు విషయం ఇదే. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా శ్రీకాకుళం ఉద్దానంలో డయాలసిస్ మాట వినని ఊరు ఉందా? కిడ్నీ దెబ్బతింటే పొటాషియం సరిగా బయటకు పోదు. రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచగలవు. కిడ్నీ జబ్బేమో ముదిరేదాకా బయటపడదు. నాకేం లేదులే అని పరీక్ష చేయించుకోకుండా ఎవరూ అనలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఈ ఉప్పును సూచించినప్పుడు కూడా కిడ్నీ సమస్య ఉన్నవాళ్లను, గర్భిణులను, పిల్లలను మినహాయించింది.

మా అన్నయ్య విశాఖ నుంచి ఆ ప్యాకెట్ తెచ్చాడు. విప్పేముందు డాక్టరుగారిని అడిగితే కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రాశారు. అమ్మకు ఎక్కువే వచ్చింది. ఆ ప్యాకెట్‌ను పక్కింటివాళ్లకు ఇవ్వడానికి కూడా మనసొప్పలేదు.

అందుకే మా ఓటు మామూలు అయోడిన్ ఉప్పుకే, బాగా తగ్గించి. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా. నలుగురున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు, కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. ఆవకాయ, ఎండు చేపలు, అప్పడాల్లోని ఉప్పు కూడా ఈ 5 గ్రాముల్లోదే. మా ఇంట్లో కిలో ప్యాకెట్ నెల కూడా వచ్చేది కాదు! చోడి (రాగి) అంబలిలోనూ మజ్జిగలోనూ ఉప్పు మానేశాం. ఎండు నెత్తళ్లు నెలకోసారే, అవీ నానబెట్టి, నీళ్లు రెండుసార్లు మార్చి వండుతున్నాం. అలా చేసినా ఉప్పంతా పోదు. మొదటి మూడు వారాలు కూరలు చప్పగా ఉన్నాయని అమ్మ ముద్ద దిగక ఇబ్బంది పడింది. నిమ్మరసం, మిరియాలు, అల్లంతో నెట్టుకొచ్చాం. ఇప్పుడు పెళ్లి భోజనాల్లో కూర ఆమెకే ఉప్పగా అనిపిస్తోంది. మాత్రలు మాత్రం ఆపలేదు, డాక్టరుగారు చెప్పకుండా మీరూ ఆపకండి.

ఈసారి ఉప్పు ప్యాకెట్ విప్పినప్పుడు డబ్బా మీద తేదీ రాసిపెట్టండి. ఎన్ని రోజులు వచ్చిందో చూస్తే మీ ఇంటి లెక్క తెలిసిపోతుంది.