సి డ్రైవ్ నిండిపోతే: డిని కలిపేయాలా, ఫైళ్లు డికి మార్చాలా?

విండోస్ కంప్యూటర్‌లో సి నిండిపోయి దాని గీత ఎర్రబడింది, పక్కనే డి సగం ఖాళీ. రెండూ కలిపేద్దాం అనిపిస్తుంది. కానీ సి, డి తరచూ ఒకే డిస్క్‌లోని రెండు భాగాలు (పార్టిషన్లు); కలిపితే డిస్క్ పెరగదు, మధ్య గోడ పోతుంది, అంతే.

ఖర్చు: రెండింటికీ సున్నా. కాకపోతే కలపాలంటే డిలోని డేటా దాచడానికి వేరే డ్రైవ్ కావాలి.

శ్రమ: మార్చడం తేలిక. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్‌కి వెళ్లి డిలో చోటు చూపిస్తే, అడిగినప్పుడు ఎస్ అంటే పాతవీ అక్కడికే పోతాయి. కలపడానికి మాత్రం విండోస్‌లో డిస్క్ భాగాలు సర్దే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో నేరుగా బటనే లేదు. డి వాల్యూమ్‌ని (అంటే డి భాగాన్ని) డిలీట్ చేయాలి, ఆ ఖాళీ సికి ఆనుకుని కుడివైపే ఉండాలి, అప్పుడే సిని పెంచే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ ఆప్షన్ పనిచేస్తుంది. మధ్యలో రికవరీ పార్టిషన్ (విండోస్ రిపేర్‌కి ఉంచుకున్న చిన్న భాగం) ఉందా, ఆ ఆప్షన్ నొక్కనివ్వదు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

రిస్క్: మార్చేటప్పుడు పెద్దగా లేదు, ప్రోగ్రామ్ ఫైల్స్‌ని (సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ అయ్యే ఫోల్డర్‌ని) కట్ చేసి పేస్ట్ చేయకపోతే చాలు. కలిపేటప్పుడు మాత్రం టెన్షనే. డిలీట్ అంటే డిలో ఉన్నదంతా పోయినట్టే, అడ్డున్న పార్టిషన్‌ని వేరే టూల్‌తో జరుపుతుండగా కరెంటు పోతే డేటా దెబ్బతినొచ్చు.

ఫొటోలు, వీడియోలు, గేములే బరువైతే మార్చేయండి. సి మొదట్నుంచీ మరీ చిన్నగా ఉండి, ప్రతి విండోస్ అప్‌డేట్‌కీ చోటు చాలకపోతే బ్యాకప్ తీసి కలపండి. డి వేరే డిస్క్ మీద ఉంటే ఈ ఆలోచనే వద్దు, మార్చడం ఒక్కటే దారి.