చిక్కడపల్లి డీటీపీ సెంటర్‌లో మా సావనీరు రంగులకు జరిగిన మరమ్మతు

మా కాలనీ గ్రంథాలయ వార్షికోత్సవం కోసం 96 పేజీల సావనీరును నేనే ఇన్‌డిజైన్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో కూర్చాను. మొదటి ప్రూఫ్ చూసినప్పుడు అనుమానమంతా ప్రెస్సు మీదికే వెళ్లింది. ఒక పేజీలో నిండుగా ఉన్న కుంకుమ ఎరుపు పేజీ తిప్పేసరికి ఇటుకరంగులోకి దిగిపోయింది, చిన్న అక్షరాల ఒత్తుల చుట్టూ సన్నని గులాబీ అంచు తేలింది. లోపం ఫైలులోనే ఉందని ప్రెస్సువారు గట్టిగా చెప్పిన మీదట, చిక్కడపల్లిలో ఒక సందులో ఉన్న ఈ డీటీపీ సెంటర్‌కు వెళ్లాను. ఉన్న పనులకే తీరిక లేదని, పేరు రాయవద్దని యజమాని కోరినందున ఇక్కడ పేరు ఇవ్వడం లేదు.

ఆయన ఫైలు తెరిచి, ఒక్కో సిరా ప్లేటు మీద ఏం పడుతుందో విడివిడిగా చూపే సెపరేషన్స్ ప్రివ్యూలో నలుపు ప్లేటును ఆపేశారు. "నలుపు తీసేస్తే అక్షరం మిగలకూడదండీ" అన్నారు. చాలా పేజీల్లో అక్షరాలన్నీ మాయమయ్యాయి గానీ, ఫొటోల వెనుక నేను ముచ్చటపడి నీడ పెట్టిన పేజీల్లో మాత్రం బూడిద కలిసిన గోధుమరంగులో అలాగే నిలిచి ఉన్నాయి. నీడ పారదర్శకమైన వస్తువు కనుక, అది ఉన్న ఎదురెదురు పేజీల రంగులన్నిటినీ ఇన్‌డిజైన్ ఒకే పద్ధతిలో కలుపుతుంది. నా ఫైలులో ఆ పద్ధతి తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగులు కలిపే ఆర్‌జీబీగా ఉండడంతో, నూరు శాతం నలుపుతో మాత్రమే పడవలసిన అక్షరం సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు అచ్చు సిరాలుగా విడిపోయింది, ఎరుపు కూడా ఆ దారిలోనే చెడింది. నాలుగు సిరాల అక్షరానికి ఒక్క ప్లేటు వెంట్రుకవాసి జరిగినా చాలు, ఒత్తుల దగ్గర రంగు బయటపడుతుంది. ఎడిట్ మెనూలోని ట్రాన్స్‌పరెన్సీ బ్లెండ్ స్పేస్‌ను డాక్యుమెంట్ సీఎంవైకేకు, అంటే ఆ నాలుగు సిరాల పద్ధతికి మార్చగానే ఆ గోధుమరంగు అక్షరాలు కూడా మాయమయ్యాయి. అంతకు ముందు మూడు రోజులు మానిటర్ వెలుతురు తగ్గిస్తూ పెంచుతూ గడిపిన సంగతి నేను ఆయనకు చెప్పలేదు.

శీర్షికలకు బ్లాక్ బదులు రిజిస్ట్రేషన్ అనే రంగు వాడినట్టు కూడా ఆయనే పట్టుకున్నారు. అది నాలుగు ప్లేట్ల మీదా నూరు శాతం చొప్పున పడుతుంది, అంటే మొత్తం సిరా 400 శాతం. పూత ఉన్న ఆర్ట్ పేపరుకు 300 శాతం దగ్గర ఆగడం మంచిదని, లేకపోతే సిరా ఆరక పక్క కాగితానికి అంటుకుంటుందని వివరించారు.

నాకు బాగా నచ్చింది ఆయన చేయనన్న పని. ఫలానా అచ్చులో, ఫలానా కాగితం మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలును ప్రొఫైల్ అంటారు. డాక్యుమెంట్ మొత్తాన్ని ఒకేసారి కొత్త ప్రొఫైల్‌లోకి కన్వర్ట్ చేయమని అడిగితే, అలా చేస్తే శుద్ధమైన నలుపు మళ్లీ నాలుగు సిరాలవుతుందని ఒప్పుకోలేదు. ప్రెస్సుకు ఫోన్ చేసి, వారికి సొంత ప్రొఫైల్ లేదని తెలుసుకుని, అమెరికాలో కాగితపు చుట్టల మీద అచ్చువేసే వెబ్ ఆఫ్‌సెట్‌కు ఉద్దేశించిన స్వాప్ ప్రొఫైల్‌ను తీసి, పూత కాగితానికి సరిపోయే ఫోగ్రా 39 ప్రొఫైల్‌ను, సిరాల శాతాలు మారకుండా అసైన్ చేశారు. ఫొటోలను మాత్రం ఒక్కొక్కటిగా చూశారు.

లోటుపాట్లు లేకపోలేదు. ముందుగా ఖర్చు చెప్పరు, చివరికి 1,500 రూపాయలు తీసుకున్నారు. చేసిన పనికి అది ఎక్కువేమీ కాదు గానీ రసీదు అడిగితే తప్ప ఇవ్వలేదు. ఏయే అమరికలు మార్చారో రాసి ఇచ్చే అలవాటు లేదు కనుక పక్కన కూర్చుని నేనే నోటుబుక్కులో రాసుకోవలసి వచ్చింది. మానిటరు కిటికీ పక్కనే ఉంది, మధ్యాహ్నపు ఎండలో తెర మీది రంగును నమ్మడం కష్టం కాబట్టి ఉదయం పూట వెళ్లడమే మేలు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు.

రెండవ ప్రూఫ్‌లో ఎరుపు అన్ని పేజీల్లోనూ ఒకేలా వచ్చింది, ఒత్తుల అంచులు భూతద్దంలో చూసినా నల్లగానే ఉన్నాయి. అట్ట మీది నెమలి కంఠం నీలం మాత్రం తెర మీద మెరిసినట్టు రాలేదు. అది సీఎంవైకేలో దొరికే రంగు కాదని ఆయన మొదటి రోజే చెప్పారు.