పెట్రోల్ మోటార్‌హోమ్ ఆరేళ్లు, డీజిల్ నాలుగేళ్లు: నడకలో తేడా ఎక్కడుంది

ఆరేళ్లు పెట్రోల్ మోటార్‌హోమ్ (లోపల వంటా పడకా ఉన్న ఇల్లులాంటి బండి) నడిపాను. నాలుగేళ్లుగా డీజిల్ నడుపుతున్నాను. రెండూ కలిపి 90 వేల మైళ్ల పైనే తిరిగాం. కొనబోయేవాళ్లు నన్నడిగేది ఒకటే: డీజిల్ మెత్తగా, నిలకడగా పోతుందట కదా, నిజమేనా? అందులో రెండు ప్రశ్నలున్నాయి. మెత్తదనం వేరు, నిలకడ వేరు. మెత్తదనం ఏ బండి కొంటున్నామో దానితోనే తేలిపోతుంది. నిలకడ మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. ఈ సంగతి తెలియక మొదటి రెండేళ్లు స్టీరింగ్ బిగబట్టుకుని నడిపాను.

అమెరికాలో గ్యాస్ బండి అంటే పెట్రోల్ బండే. ఇక్కడి పెట్రోల్ క్లాస్ ఏ (బస్సులా ఉండే పెద్ద రకం) మోటార్‌హోమ్‌లు చాలావరకు ఫోర్డ్ ఎఫ్-53 చాసిస్ (కింది చట్రం) మీద కడతారు. మాది 2014 మోడల్, 36 అడుగుల పొడవు, 6.8 లీటర్ల వీ10 ఇంజను, 5 గేర్లు. కింద లారీలకున్నట్టే కమాన్ కట్టలు. ఇంజను ముందే, నా సీటుకీ మా ఆవిడ సీటుకీ మధ్య మూత కింద ఉండేది. డీజిల్ బండి 2017 మోడల్, 38 అడుగులు, ఫ్రైట్‌లైనర్ చాసిస్. కమిన్స్ 6.7 లీటర్ల ఇంజను వెనక ఉంటుంది. అలిసన్ కంపెనీ 6 గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు, కమాన్ల బదులు బండిని మోసే ఎయిర్ బ్యాగులు (గాలి సంచులు), ఎయిర్ బ్రేకులు.

పెట్రోల్ బండి కొత్తలో హైవే మీద ఒక్క నిమిషం కూడా గీత పట్టుకుని పోయేది కాదు. లారీ దాటుతుంటే ముందు దాని గాలి మమ్మల్ని పక్కకి నెట్టేది, దాటిపోతూ తన వైపు లాగేది. ప్రతిసారీ రెండుసార్లు స్టీరింగ్ సర్దాలి. 200 మైళ్లకే భుజాలు పట్టేసేవి. పెట్రోల్ బండంటే ఇంతేనేమో అనుకున్నాను. మూడో ఏట బండిని నిండుగా సర్ది, ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ కాటా ఎక్కించాను. ముందు ఇరుసు మీద 6,900 పౌండ్లు. టైర్ల కంపెనీ పట్టిక ప్రకారం ఆ బరువుకి టైరులో 85 పీఎస్ఐ గాలి ఒత్తిడి చాలు. ఒక టైర్ల షాపువాళ్లు మాత్రం టైరు మీద రాసున్న గరిష్ఠ అంకె చూసి 110 కొట్టి పంపారు. అంత గాలితో టైరు బండరాయిలా అయిపోతుంది, రోడ్డుని నడిమధ్యే తాకుతుంది. గాలి 85కి దించిన రోజున వేరే బండి నడుపుతున్నట్టే అనిపించింది. గతుకుల కుదుపు తగ్గింది, అడ్డదిడ్డంగా పోవడం సగం తగ్గింది. ఖర్చు కాటా రుసుమొక్కటే.

తర్వాత చేసినదానికి పైసా ఖర్చు లేదు. బండి పక్కలకి ఒరగకుండా ఆపే స్వే బార్‌కి చివర రెండేసి రంధ్రాలుంటాయి. లింకుల్ని బయటి రంధ్రం నుంచి లోపలి రంధ్రానికి మారిస్తే ఆ బార్ గట్టిపడుతుంది. ముందూ వెనకా మార్చాను. మలుపుల్లో, పెట్రోల్ బంకులోకి వాలు ఎక్కేటప్పుడు అటూ ఇటూ ఊగడం స్పష్టంగా తగ్గింది. ఆ తర్వాత వెనక ఇరుసు పక్కకి జరగకుండా ట్రాక్ బార్ వేయించాను, సామాన్లన్నీ ఉన్న బండినే తీసుకెళ్లి అలైన్‌మెంట్ చేయించాను. ఖాళీ బండికి చేసిన అలైన్‌మెంట్ బరువెక్కాక నిలవదు. ఈ నాలుగు పనుల తర్వాత మామూలు గాలిలో ఒక చేత్తో నడపగలిగాను.

అయితే మెత్తదనం రాలేదు. షాక్ అబ్సార్బర్లు మార్చాను, కొంత మేలు. కాంక్రీటు రోడ్డు అతుకుల మీద మాత్రం కమాన్ కట్టలు దబ్ దబ్‌మంటూనే ఉన్నాయి, అల్మారాల్లో గిన్నెలు మోగుతూనే ఉన్నాయి. డీజిల్ బండి మొదటిసారి అలాంటి రోడ్డెక్కినప్పుడు నేను గమనించింది నిశ్శబ్దాన్నే. దెబ్బ తగులుతుంది కానీ గాలి సంచులు దాన్ని మింగేస్తాయి. ఇంజను 35 అడుగుల వెనక ఉండటంతో ఇద్దరం మామూలు గొంతుతో మాట్లాడుకుంటాం. పెట్రోల్ బండిలో ఎత్తెక్కుతుంటే మాటలు ఆపేసేవాళ్లం.

ఎత్తు సంగతికొస్తే, కొలరాడోలో ఐ-70 మీద ఐజన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంటుంది. టర్బో (ఇంజనులోకి గాలిని నొక్కి పంపేది) లేని పెట్రోల్ ఇంజను వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం బలం కోల్పోతుంది, అంటే అక్కడికి చేరేసరికి దాదాపు మూడో వంతు పోయినట్టే. వీ10 నాలుగు వేల ఆర్పీఎం పైన అరుస్తూ 35 మైళ్ల వేగంతో పాకేది. డీజిల్‌కి టర్బో ఉంది, టార్క్ (చక్రాల్ని తిప్పే బలం) కింది ఆర్పీఎంలోనే అందుతుంది, కాబట్టి శాంతంగా ఎక్కుతుంది. కానీ ఎక్కడం కన్నా దిగడంలోనే నాకు డీజిల్ విలువ తెలిసింది. టన్నెల్ దాటాక 7 శాతం దాకా వాలు. ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ గొట్టాన్ని బిగించి ఇంజనుతోనే వేగం తగ్గించేది) స్విచ్ వేస్తే అలిసన్ తనంతట తానే కింది గేరులోకి దిగి బండిని పట్టుకుంటుంది. బ్రేకు మీద కాలు పెట్టేది అప్పుడప్పుడే. పెట్రోల్ బండి టో-హాల్ మోడ్‌లో (బరువుకి తగ్గట్టు గేర్లు మార్చే పద్ధతిలో) ఇంజనుతో కొంత ఆపుతుంది, మిగతాది బ్రేకుల మీదే పడుతుంది. వేడెక్కిన బ్రేకుల వాసన ఒకసారి చూశాను, మళ్లీ చూడదలచుకోలేదు.

ఇంత చెప్పాక ఇది కూడా చెప్పాలి: డీజిల్ పుట్టుకతో నిలకడగా రాదు. మా డీజిల్ మొదటి నెల ఎడమ పక్కకి ఒరిగి, అటే లాగేది. బండి ఎత్తుని సరిచూసే వాల్వు లింకు ఒకటి వదులైంది, ఆ పక్క సంచికి గాలి తక్కువ అందుతోంది. రైడ్ హైట్ కొలిపించి, లింకు బిగించి, టైర్లలో గాలి బరువుకి తగ్గట్టు పెట్టాకే దారికొచ్చింది. వయోమింగ్‌లో ఐ-80 మీద లారమీ, రాలిన్స్ మధ్య అడ్డగాలి వీచినప్పుడు ఇదీ పక్కకి జరుగుతుంది. బరువెక్కువ కాబట్టి నింపాదిగా జరుగుతుంది, అంతే. గాలి మరీ ఎక్కువైతే ఏ బండైనా ఆపేస్తాను.

నడపడంలో కొత్తగా నేర్చుకోవాల్సింది మలుపు. డీజిల్‌లో నేను ముందు చక్రాలకన్నా ముందు కూర్చుంటాను. నా సీటు సందులోకి వచ్చేసినా చక్రాలు ఇంకా రావు. ఆలస్యంగా తిప్పడం అలవాటయ్యేవరకు వెనక చక్రాలు రెండుసార్లు రోడ్డు పక్క గట్టు మీదికెక్కాయి. పొద్దున్నే ఎయిర్ ట్యాంకులు నిండేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి, తొందరపడే స్వభావానికి అది నచ్చదు. నూనె మార్పిడి, సర్వీసు ఖర్చు కూడా పెట్రోల్ బండికన్నా బాగా ఎక్కువ.

ఏడాదికి నాలుగైదు చిన్న ప్రయాణాలే చేసేవాళ్లకి నేను పెట్రోల్ బండే చెబుతాను, గాలీ స్వే బారూ సరిచేసుకోమని కూడా. రోజుకి 300 మైళ్లు, నెలల తరబడి తిరిగేవాళ్లకైతే డీజిల్. ఏది చూడబోయినా డీలర్ చుట్టుపక్కల పది నిమిషాలు తిప్పి తేల్చేయకండి. అతుకుల కాంక్రీటు హైవే మీద గంటసేపు నడపండి, నాలుగు లారీల్ని దాటనివ్వండి. బయలుదేరే ముందు టైర్ల గాలి మీరే కొలవండి. పక్కసీట్లో కూర్చున్న మనిషిని కూడా అడగండి. మా ఇంట్లో డీజిల్ కొనాలని తేల్చింది మా ఆవిడే.