మీసాల సక్కర్ ఫిష్: రెండేళ్లు పెంచాక నా మాట

"ఎంత పెరుగుతుంది బాబూ?" అని అడిగితే "ఇంతే మేడం, నాలుగంగుళాలు" అని వేలు చూపించాడు షాపు కుర్రాడు. అద్దాలకి పట్టిన పాచి తినేస్తుందని ఆ సక్కర్ ఫిష్ తెచ్చుకున్నాను. ఏడాదిన్నరకి అడుగు దాటింది. మా రెండడుగుల ట్యాంకులో అది ఇటు తిరిగితే మొక్కలు వేళ్లతో సహా లేచిపోయేవి. "చెరువులో వదిలెయ్యరాదూ" అన్నారు మా వదిన. అలా వదిలినవే మన చెరువుల్లో, కృష్ణలో పెరిగి వలలు చింపుతున్నాయి. జాలర్లు దయ్యం చేప అనేది దీన్నే. పెద్ద ట్యాంకున్న ఒకాయన దొరికితే ఇచ్చేశాను.

ఇప్పుడు చెప్పేది దాని చిన్న చుట్టం, బ్రిసిల్‌నోస్ గురించి. దక్షిణ అమెరికా నదుల చేప. వీటిలో డెబ్బైకి పైగా జాతులున్నాయట. ఇళ్లలో పెంచుకునేది నాలుగైదంగుళాల దగ్గర ఆగిపోతుంది. పిల్లప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి, కొనేముందు వీపు మీది రెక్క విప్పేదాకా ఆగి పుల్లలు లెక్కపెట్టండి. ముందున్న ముల్లు కాక ఏడుంటే భయం తక్కువ. పదీ, ఆపైన ఉంటే మాత్రం వద్దు.

పగలు చూడ్డానికి ఏమీ ఉండదు. కొబ్బరి చిప్పలో దూరి తోక చివర మాత్రం బయట పెడుతుంది. నెల రోజులు డబ్బులు దండగ అనుకున్నాను. మా ఆయన బి షిఫ్ట్ దిగి అన్నం తినేసరికి పదకొండు దాటుతుంది. ఓ రాత్రి లైటు తీసి కూర్చుంటే కరకరమని చప్పుడు. చూస్తే మొద్దుని గీకుతోంది. ఈ చేపకి ట్యాంకులో కర్ర ముక్క ఉంటే మంచిది. టార్చి వేస్తే కంట్లో పైనుంచి చిన్న రెప్పలాంటిది దిగి, గుండ్రటి పాప గుర్రపు నాడాలా అయిపోయింది. టార్చి ఆపి, కాసేపాగి సన్నగా వేస్తే మళ్లీ గుండ్రం. పాపం, ఆ తర్వాత టార్చి వాడలేదు.

కీరదోస చక్రం స్పూనుకి గుచ్చి రాత్రి వేస్తే తెల్లారేసరికి తొక్క ఉంగరం మిగులుతుంది. పాచి కూడా తింటుంది, కాదనను. కానీ తిన్నదంతా పొడుగాటి దారాల్లా వదులుతుంది. శుభ్రం చేసే చేప అని కొంటే దాని వెనకాల శుభ్రం చేసేది మనమే. ఇందుకే నేనిచ్చే రేటింగులో ఒక స్టార్ కోశాను.

వేసవిలో కరెంటు పోయి గాలి పంపు ఆగిన రోజు ఎంత టెన్షన్ పడ్డానో! ఇది మాత్రం పైకి దూసుకొచ్చి గాలి మింగి కిందికెళ్లిపోయింది. మింగిన గాలిలోని ప్రాణవాయువుని పొట్టే పీల్చుకుంటుంది.

షాపువాళ్లు జత అని అమ్మినవి ఎనిమిది నెలలకి రెండూ మీసాలు పెంచాయి. ఆడవాటికి ముక్కు మీద అంత కొమ్మల్లాంటి మీసాలు రావు. కొట్లాటలు చూడలేక ఒకదాన్ని వేరే ట్యాంకులోకి మార్చి, మరో చోట ఆడదాన్ని కొన్నాను. చిప్పలో గుడ్లు పెట్టింది, నారింజ రంగు సగ్గుబియ్యంలా. పెట్టేసి తన దారిన తను పోయింది. ఆపైన రెక్కలతో విసిరేది, గుమ్మం దగ్గర కాపలా కాసేది మగదే. అంటే మా ఇంట్లో బాలింత మీసాలాయనే! ఆ మీసాలు దూరానికి పిల్లల్లా కనిపించి, "ఇతను ఇప్పటికే సాకుతున్నాడు" అని ఆడదాన్ని నమ్మిస్తాయేమోనని 1999లో శాస్త్రవేత్తలు ఒక ఊహ చెప్పారు. నాకైతే నచ్చింది.

ముప్పై దాకా పిల్లలు దక్కాయి. కొన్నిటిని మొదటి షాపుకే తీసుకెళ్తే ఒక్కోటి ఇరవైకి అడిగాడు. ఇవ్వలేదు. "చిన్న సక్కర్" అని రాసిన అతని టబ్బు ముందు నిలబెట్టి, వీపు పుల్లలు లెక్కపెట్టించాను. పన్నెండు.