పంది మాంసంలో రంగు తేడా: కోసి తీసేయాలా, మొత్తం పారేయాలా, ఒక రోజు ఆగాలా?

కోసి వేలాడదీసిన పంది కళేబరంలో ఎక్కడైనా రంగు తేడాగా కనిపిస్తే, తనిఖీ చేసే పశువైద్యుడికి మూడు దారులుంటాయి. ఆ భాగం వరకు కోసి తీసేయడం, మొత్తం తిరస్కరించడం, చల్లగదిలో ఉంచి మర్నాడు మళ్లీ చూడటం. ఏది మేలో రంగు ముదురు ఒక్కదాన్ని బట్టే తేలదు. అది ఎక్కడెక్కడ ఉందో కూడా చూడాలి.

నలుపు సంగతి కొంత తేలిక. నల్ల పందుల్లో, ముఖ్యంగా ఆడవాటిలో, పొదుగు దగ్గరి కొవ్వులో గసగసాలు చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అది చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ అనే రంగు పదార్థం, జబ్బు కాదు. ఆ ముక్క తీసేస్తే చాలు. అంతమాత్రానికి పంది మొత్తం పారేస్తే పెంచినవాళ్లకు అన్యాయం చేసినట్టే. చర్మం మీద ఉబ్బెత్తుగా నల్లటి గడ్డ ఉంటే మాత్రం మెలనోమా అనే క్యాన్సర్ అని అనుమానించాలి. డ్యూరాక్ జాతిలో ఇది కనిపిస్తుంటుంది. దగ్గర్లోని లింఫ్ గ్రంథులు కోసి చూడాలి, ఊపిరితిత్తులు, కాలేయం కూడా చూడాలి. గడ్డలు అక్కడికీ పాకి ఉంటే ఇక మొత్తం తిరస్కరించాల్సిందే.

అసలు టెన్షన్ పసుపుతోనే. ఆవు కొవ్వులో పేరుకున్నట్టు పంది కొవ్వులో కెరోటిన్ (మేతలోని పసుపు రంగు పదార్థం) పెద్దగా పేరుకోదు. అందుకే పంది కొవ్వు పచ్చబడితే తేలిగ్గా తీసుకోకూడదు. చేపల వ్యర్థాలు ఎక్కువగా తిని, విటమిన్ ఇ చాలకపోయినా కొవ్వు పచ్చబడుతుంది. అప్పుడు రంగు కొవ్వుకే పరిమితం, చేప వాసన కూడా రావచ్చు. కామెర్లయితే పసుపు అన్నిచోట్లా ఉంటుంది. కంటిరెప్ప ఎత్తితే తెల్లగుడ్డులో, కీలు తెరిస్తే లోపలి నునుపు తలం మీద, పెద్ద రక్తనాళం చీలిస్తే దాని లోపలి పొరలో కనిపిస్తుంది. ఈ మూడు చోట్లూ చూడకుండా కొవ్వు రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పడం సరికాదు. చూసేది పగటి వెలుతురులోనే చూడాలి, లైట్ల కింద లేత పసుపు కంటికి ఆనదు.

అప్పటికీ తేలకపోతే చిన్న పరీక్ష ఉంది. రెండు గ్రాముల కొవ్వును 5 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఒక నిమిషం మరిగించి, చల్లార్చి, మంటలకు దూరంగా ఈథర్ (కొవ్వును కరిగించే, తేలిగ్గా అంటుకునే ద్రవం) కలపాలి. పసుపు పైనున్న ఈథర్ పొరలోకి వస్తే మేత రంగు, కింది నీటి పొరలో నిలిస్తే కామెర్లు.

పసుపు లేతగా ఉండి, మిగతా అవయవాలు బాగుంటే నా ఓటు 24 గంటలు ఆగడానికే. చల్లబడ్డాక రంగు పోతే మాంసాన్ని అనుమతించవచ్చు, పోకపోతే తిరస్కరించాలి. వెంటనే పారేస్తే మంచి మాంసం వృథా కావచ్చు. పచ్చటి కొవ్వు వరకే చెక్కేస్తే రోగం మాంసంలోనే మిగిలిపోవచ్చు, కాబట్టి మూడింట్లో అదే అధ్వానం.

కొట్టొచ్చినట్టు పచ్చబడి, కాలేయమో మూత్రపిండాలో కూడా చెడిపోయి ఉంటే ఆగే పనే లేదు. ఏలికపాము పిత్తనాళానికి అడ్డుపడినా, మేతలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం చేరినా, లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా సోకినా కామెర్లు రావచ్చు. వీటిలో లెప్టోస్పైరా మూత్రం ద్వారా, మూత్రపిండాలు పట్టుకున్న చేతుల ద్వారా మనుషులకూ అంటుతుంది. అలాంటి కళేబరాన్ని ముట్టుకునే ప్రతి ఒక్కరికీ గ్లవ్స్ ఉండాలి.