రెండేళ్లు ఆడాక: పోకెమాన్ కార్డుల్లో నాకు నచ్చింది ఆ ఆరు ముక్కలే

వనస్థలిపురంలో మా ఇంట్లో రెండేళ్లుగా వారానికి మూడు సాయంత్రాలైనా పోకెమాన్ కార్డులు పడాల్సిందే. మా అబ్బాయి ఏడో తరగతి, మా నాన్నకు 72 ఏళ్లు, మధ్యలో నేను. ఎనర్జీ (దెబ్బ కొట్టడానికి కావలసిన కార్డులు), ఎవల్యూషన్ (పోకెమాన్ పెద్ద రూపానికి మారడం) లాంటివన్నీ మీ పిల్లలే మీకు చెప్పి ఉంటారు. నేను చెప్పేది ప్రైజ్ కార్డుల గురించి.

ఆట మొదట్లో ఎవరి డెక్‌లోంచి (అరవై కార్డుల కట్టలోంచి) వాళ్లు ఆరు కార్డులు చూడకుండా బోర్లా పెట్టుకోవాలి. అవతలివాళ్ల పోకెమాన్‌ను పడగొడితే మన ఆరింటిలోంచి ఒకటి తీసుకుంటాం, ‘ఈఎక్స్’ అనే బలమైన రకం పడితే రెండు. ఆరూ తీసేసుకుంటే గెలుపు. మొదట్లో నాకిది స్కోరు లెక్కలాగే కనిపించింది. నాన్న ఆడేదాకా దాని రుచి తెలియలేదు.

ఆయన నలభై ఏళ్లు రమ్మీ ఆడిన మనిషి. ఈ కార్డుల్ని చాలాకాలం ‘బొమ్మలు’ అనే పిలిచారు. కిందటి జూలైలో ఒక రాత్రి వానకు కరెంటు పోయింది. మనవడు బతిమాలితే ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని కూర్చున్నారు. ఆయనది చారిజార్డ్ ఈఎక్స్ డెక్, వాడిది మిరైడాన్ ఈఎక్స్. తన అరవై కార్డుల జాబితా అప్పటికే క్యాలెండర్ కాగితం వెనక రాసుకుని బట్టీ పట్టారు.

మొదటి వంతులోనే నెస్ట్ బాల్ వేశారు. అంటే డెక్ తెరిచి ఓ బేసిక్ పోకెమాన్‌ను వెతుక్కోవచ్చు. వెతకడం పది సెకన్ల పని. ఆయన రెండు నిమిషాలు చూశారు. "తాతా, తొందరగా!" అని వాడి గోల. చివరికి చారిజార్డ్‌కు మొదటి రూపమైన చార్మాండర్‌ను ఒకదాన్ని తీసుకుని డెక్ కలిపేశారు, ఏమీ మాట్లాడలేదు. డెక్‌లో, చేతిలో లేనివి లెక్కపెడితే ఆయన చారిజార్డ్‌లు రెండూ ప్రైజుల్లోనే ఉన్నాయని తేలింది.

నేనైతే వాటికోసం అల్ట్రా బాల్ అనే ఇంకో వెతికే కార్డు వేసి, చేతిలోని రెండు మంచి కార్డులు పారేసి, డెక్ అంతా వెతికి బిక్కమొహం వేసేదాన్ని. ఆయన మధ్య రూపమైన చార్మీలియన్‌తోనే నెట్టుకొచ్చారు. చార్మాండర్‌ను నేరుగా చారిజార్డ్‌గా మార్చే రేర్ క్యాండీ కార్డును చేతిలోనే దాచుకున్నారు. ఒక చిన్న పోకెమాన్‌ను పడగొడితే ప్రైజుగా ఎనర్జీ కార్డు వచ్చింది. రెండోదాన్ని పడగొట్టి ప్రైజ్ తీశారు. చారిజార్డ్! అప్పటికి మావాడు నాలుగు ప్రైజులు తీసుకుని గెలుపు మీదున్నాడు. చారిజార్డ్ దెబ్బ 180. అవతలివాళ్లు తీసుకున్న ప్రతి ప్రైజుకూ ఇంకో 30 కలుస్తుంది, మొత్తం 300. మిరైడాన్ తట్టుకోగలిగేది 220 లోపే. రెండు వంతుల్లో ఇద్దరు మిరైడాన్‌లు పడిపోయారు, ఆట అయిపోయింది.

"రమ్మీలో కింద పడ్డ ముక్క గుర్తుంటే చాలమ్మా, ఇక్కడ కనపడని ముక్కను పట్టుకోవాలి" అన్నారు నాకేసి చూసి. ఆ రాత్రి నుంచి నేనూ ప్రైజులు లెక్కపెడుతున్నాను. ఇప్పటికీ ఆరింటిలో నాలుగు పట్టుకుంటే గొప్ప.

అన్నిసార్లూ ఇంత ఆనందంగా ఉండదు. డెక్‌లో ఒక్కటే పెట్టుకున్న కార్డు పదిసార్లకు ఒకసారి ప్రైజుల్లో పడుతుంది, ఎంత బాగా ఆడినా చేయగలిగింది తక్కువ. అలా ఓడిపోయి మావాడు ఏడ్చిన రోజులున్నాయి. ఇంకొకటి, మన వానాకాలం తేమకు మెరిసే ఫాయిల్ కార్డులు వంగుతాయి. స్లీవ్‌లు (కార్డుకు తొడిగే ప్లాస్టిక్ కవర్లు) లేకుండా ఆడినన్నాళ్లూ బోర్లా పెట్టిన ఆరింటిలో చారిజార్డ్ ఏదో వంపు చూసి చెప్పేసేవాళ్లం. కాబట్టి స్లీవ్‌ల ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే బంగారు రంగు ప్యాకెట్లు మాత్రం ఆటకు పనికిరావు.

నాన్న ఆ చారిజార్డ్ డెక్ ఒక్కదానితోనే ఆడతారు. కార్డుల మీది చిన్న ఇంగ్లిష్ అక్షరాలు మళ్లీ కొత్తగా చదవడం ఆయనకు కష్టం. టోర్నమెంట్లకు వెళ్లాలంటే పాత కార్డులు కాలక్రమంలో తప్పుకుంటాయి, మళ్లీ కొనాలి. మేం వెళ్లం కాబట్టి మాకా బాధ లేదు.

మధ్యలో మావాడు ఫోన్లో ఆడే పోకెమాన్ టీసీజీ (ట్రేడింగ్ కార్డ్ గేమ్) పాకెట్ అనే యాప్‌కు మళ్లాడు. అందులో డెక్‌కు ఇరవై కార్డులే, మూడు పాయింట్లొస్తే గెలుపు, ప్రైజ్ కార్డులే లేవు. వేగంగా అయిపోతుంది, బాగానే ఉంటుంది. నాకు మాత్రం చప్పగా అనిపించింది. ఇంట్లో ఎదురుగా కూర్చుని ఆడే మనిషి ఉంటే కార్డులే కొనండి. పిల్లాడు ఒక్కడే అయితే, ముందు పోకెమాన్ టీసీజీ లైవ్ అనే ఇంకో యాప్‌లో ఉచితంగా ఆడించి చూడండి, ప్రైజ్ కార్డులు అందులో ఉన్నాయి.